మూత బిగించని సీసా

ఆమదాలవలస
10 జూలై 2024

ఒరే జయకృష్ణా,

ఉత్తరం మొదట్లో ఆశీస్సులు రాయడం మన ఇంటి అలవాటు. ఈసారి రాయడం లేదు.

మొన్న శుక్రవారం ముఖలింగేశ్వరుడి మీద ఒట్టు పెట్టుకున్నాను. "ఆ బీరు పని నువ్వు ఒగ్గేసిందాకా నీతో మాటాడితే ఒట్టు" అన్నాను. నువ్వు విన్నావు, మీ అత్త విన్నది, కొట్లో ఉన్న పదిమందీ విన్నారు. నాలుగు రోజులుగా ఫోను చేస్తున్నావట. నేను ఎత్తను. దేవుడితో పరాచికాలు నాకు చేతకావు. అయితే మాట్లాడనన్నాను గానీ రాయనని అనలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ పొద్దున అసలేం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. నువ్వు స్నానానికి వెళ్లావు. నేను కొట్లో లక్ష్మీదేవి పటానికి హారతి ఇస్తున్నాను. వర్తక సంఘం అధ్యక్షుడు జోగయ్య గారు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నారు. బియ్యం బస్తాల వెనక 'ధన్' మని చప్పుడు. ఆయన ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకుని చతికిలబడిపోయారు. తరవాత బస్తాల సందులోంచి నురగ మెల్లగా బయటికొచ్చింది. ఆ వెనకే వాసన. కందిపప్పు కోసం వచ్చిన ధనలక్ష్మి ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, "బాబూ, మీ కొట్లో బీరు కూడా అమ్మతన్నారేటి?" అని అడిగింది. మా తాత పెట్టిన కొట్టు ఇది. ఆ మాట వినడానికి ఇన్నాళ్లు బతికానా అనిపించింది.

నువ్వు తువ్వాలుతో పరుగెత్తుకొచ్చి నన్ను చూడలేదు. "రెండో సీసా బాగుందా?" అన్నావు. మీ అమ్మ పోయాక నీ తొమ్మిదో ఏటి నుంచి నిన్ను ఆ బస్తాల మీదే పెంచాను. నాకు గాజుపెంకు గుచ్చుకుందో లేదో అడగాలని నీకు తోచలేదు. నా కోపమంతా అక్కడుంది.

ఆ రోజు అరిచిన అరుపుకి గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగుతున్నాను, తగ్గడం లేదు.

నీ సంచి ఒకటి ఇక్కడ ఉండిపోయింది. అందులో పసుపచ్చ పొడి పొట్లం ఉంది. ఏమిటది? పారేసే ముందు తెలుసుకోవాలి కదా.

ఇట్లు,
భీమశంకరరావు
(మావయ్య అని రాయమని మీ అత్త పోరు పెడుతోంది. సరే, మావయ్య.)


బెంగళూరు
17 జూలై 2024

మావయ్యకి నమస్కారాలు. అత్తకి కూడా.

మీకు గాజుపెంకు గుచ్చుకుందా? పన్నెండు రోజులు ఆలస్యంగా అడుగుతున్నాను. సిగ్గుగా ఉంది.

మీరు అనుకుంటున్నట్టు నేను తాగుబోతునవ్వలేదు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుంటాను. నెలకో ఆదివారం బార్లీ ఉడికించి బీరు చేస్తాను. ముగ్గురు స్నేహితులం తలా రెండు గ్లాసులు. నాకు తాగడం కన్నా చేయడం ఇష్టం. మీరు కొత్త బియ్యం గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి ఎన్ని నెలల ధాన్యమో చెబుతారు చూడండి, అలాంటి సరదా ఇది.

పేలింది బీరు కాదు. దాన్ని స్టార్టర్ అంటారు. పాలు తోడుకోవడానికి అత్త రాత్రి మిగిల్చే పెరుగుచుక్క లాంటిది. ఇరవై లీటర్ల బార్లీ నీళ్లలో కాస్త ఈస్ట్ వేసి ఊరుకుంటే దానికి బలం చాలదు. ముందు ఒక లీటరులో వేసి, తిండి పెట్టి, పెంచి, అప్పుడు పెద్దదాంట్లో పోయాలి. ఈ ఈస్ట్‌ని నాలుగేళ్లుగా పెంచుకుంటున్నాను. ఒక్కో బీరు అయ్యాక అడుగు మిగిల్చి మళ్లీ తిండి పెడతాను. మొదట కొన్న పొట్లం లాగా లేదిప్పుడు, నా వంటింటికి అలవాటు పడిపోయింది. విజయనగరంలో మన గోపి తనూ చేస్తానని అడిగితే రెండు సీసాలు పట్టుకొచ్చాను. వాడికి ఇచ్చేలోగా ఇంత జరిగింది.

ఎందుకు పేలిందంటే, మీకు వాసన వస్తుందని భయపడి మూత గట్టిగా బిగించాను. అది బతికున్న వస్తువు, గాలి వదులుతుంది. మూత వదులుగా ఉంటే ఏమీ అయ్యేది కాదు. తప్పంతా నాదే.

పసుపచ్చ పొడి దాని తిండి. మొలకెత్తించిన బార్లీ నుంచి తీస్తారు. రెండో సీసా ఏమైంది మావయ్యా? పారేశారా? పారేసినా ఏమీ అనుకోను. ఈ రెండూ తీసిన తల్లి సీసా నా దగ్గరే ఉంది.

ఒక్కసారి ఫోను ఎత్తండి. ఊఁ అనండి చాలు.

మీ కృష్ణ


ఆమదాలవలస
27 జూలై 2024

ఒరే కృష్ణా,

గాజు గుచ్చుకోలేదు. ఆశీస్సులు ఈసారీ లేవు.

రెండో సీసా ఆ రోజే కాలువలో పారబోశాను. దాని సంగతి మళ్లీ ఎత్తకు.

ఊఁ అనడం కూడా మాటే. ఒట్టులో వెసులుబాట్లు వెతకడం నాకు నేర్పకు, నేను పుట్టుకతో వర్తకుణ్ణి.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. విని మూతి విరిచింది. "ఇదేటి కొత్త? మా అమ్మ ఇచ్చిన తరవాణి కుండ ముప్పయ్యేళ్లుగా నా వంటింట్లో ఉన్నాది. రోజూ గంజి పోస్తాను, పులిసిన నీళ్లు తీస్తాను, అడుగు మాత్రం ఎప్పుడూ ఖాళీ చెయ్యను. దానికి కంప్యూటరు సదువు కావాలేటి?" అంది. ఆ కుండ ఏనాడూ పేలలేదని కూడా రాయమంది. రాశాను.

పని మీద విశాఖపట్నం రెండుసార్లు వెళ్లొచ్చాను. కొట్లో ఈమధ్య పలక పెట్టుకున్నాను. ఎవరేం అడిగినా రాసి చూపిస్తున్నాను. బేరాలతో విసుగెత్తిపోయింది. పలకతో బేరమాడాలంటే జనానికి ఓపిక ఉండడం లేదు, హాయిగా ఉంది. చదువు రానివాళ్లకి కొండబాబు చదివి చెబుతాడు. మన బస్తాలు మోసే కొండబాబే. వాడు నా రాతకి సొంత కవిత్వం కూడా కలుపుతున్నాడు.

ఊరికే తెలుసుకోవడానికి అడుగుతున్నాను. ఆ పొడి ఎంత, నీళ్లెంత? మరిగించాలా, చన్నీళ్లలో కలిపితే సరిపోతుందా?

మావయ్య


బెంగళూరు
4 ఆగస్టు 2024

మావయ్యా,

ఇవాళ ఆదివారం కదా, పొద్దున ఫోను చేశాను. అత్త స్పీకరు పెట్టి, "సెప్పు, మీ మావ ఇక్కడే కూకున్నాడు" అంది. మిమ్మల్ని నవ్వించాలని పాత సంగతి ఎత్తాను. భావనపాడు బీచిలో మీరు పంచె తడవకుండా నెత్తిన పెట్టుకుంటే కెరటం పంచెని పట్టుకుపోవడం, జాలరి ఒకాయన వల ఇచ్చి కట్టుకోమనడం. ఆ కథకి మీరు నవ్వని రోజు లేదు. మీ నవ్వు వీధి చివరికి వినిపించేది. ఇవాళ నాకు ఫాను చప్పుడు ఒక్కటే వినిపించింది. చివర్లో పూజ గంట ఒకసారి టింగుమంది. "నవ్వతన్నాడురా, నిజం" అంది అత్త. నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అలా చెప్పిందని తెలుసు. నవ్వితే వినపడదా?

ఒట్టు మీద ఇంత పట్టుదలా మావయ్యా? చాలా బాధగా ఉంది. మీకు చెప్పక ఎవరికి చెప్పను?

పొడి సంగతి: లీటరు నీళ్లకి వంద గ్రాములు. పావుగంట మరగనివ్వాలి, లేకపోతే వేరే పురుగు చేరి పాడుచేస్తుంది. పూర్తిగా చల్లారాక ఈస్ట్ పోయాలి. వేడిగా ఉండగా పోస్తే చచ్చిపోతుంది. అటూ ఇటూ తిరిగేటప్పుడు సీసాని ఒకసారి కుదపాలి, గాలి తగిలితే బాగా పెరుగుతుంది. మూత మాత్రం వదులుగా. పంచదార నీళ్లు పోయకూడదు. తీపికి మరిగితే తరవాత బార్లీ నీళ్లు తినమంటే మొరాయిస్తుంది.

పదిహేనో తారీకు సెలవు. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కూడా. రెండురోజులు కలుపుకుని వస్తున్నాను. మాట్లాడకపోతే మానెయ్యండి, ఎదురుగా కూర్చుంటాను.

కృష్ణ


ఆమదాలవలస
9 ఆగస్టు 2024

కృష్ణా,

ఇప్పుడు రావద్దు. ఇంట్లో వీలుపడదు. కారణం అడక్కు. దసరాకి చూద్దాం.

నీ ఉత్తరంలో ఆ కొలతలు పనికొచ్చాయి. నాకు కాదు. ఊళ్లో తెలిసినాయన ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర ఇలాంటి సీసా ఒకటి ఎలాగో చేరింది. ఆయనకీ ఈమధ్య ఇంటి పట్టున ఉండవలసి వచ్చి పొద్దుపోవడం లేదు. నువ్వు రాసినట్టే పొడి మరగబెట్టి చల్లార్చి పోశాడు. మర్నాటికల్లా వేలెడెత్తు నురగ. ఆయన సంబరం చూడాలి! భార్యని లేపి మరీ చూపించాడు. ఆవిడ "సాల్లే, పడుకో" అంది.

రెండో రోజుకి నురగ అణిగిపోయింది. అప్పట్నుంచి చడీచప్పుడూ లేదు. ఒక్క బుడగ లేదు. కుదిపినా లేదు. నీళ్లు మాత్రం తేటబడుతున్నాయి. నిన్నటి నుంచి ఆయన దిగులు పడుతున్నాడు. తన చేత్తో చచ్చిపోయిందేమోనని. ఏదైనా ఒకసారి చప్పుడు ఆగిపోయాక మళ్లీ వస్తుందా రాదా అని అడుగుతున్నాడు. వయసు మళ్లినవాడు, ఊరికే భయపడతాడు. నిజం రాయి. ఓదార్చడానికి రాయకు.

మీ అత్త మాత్రం, "కుండకి నురగేటి? మూత తీసి వాసన సూడమను. పుల్లగా ఉంటే బతికున్నట్టు" అంటోంది.

మావయ్య


బెంగళూరు
15 ఆగస్టు 2024

మావయ్యా,

టికెట్టు రద్దు చేసుకున్నాను. గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇంటికి రావద్దని మీరు అనడం నా బతుకులో ఇదే మొదటిసారి. పదో తరగతి లెక్కల్లో తప్పినప్పుడు కూడా అన్నం ముందు కూర్చోబెట్టి తరవాత తిట్టారు. బీరు చేయడం అంత పెద్ద పాపమా? ఊళ్లో ఎవరో తెలిసినాయనకి సీసా ఉంటే ఆయన దిగులు గురించి పేజీ రాస్తారు. నాకేమో "కారణం అడక్కు".

కోపంగానే ఉన్నాను. అయినా ఆయన భయపడుతున్నాడన్నారు కాబట్టి చెబుతాను.

చచ్చిపోలేదు. ఒట్టు. మొదట్లో నేనూ ఇలాగే మోసపోయాను. నురగ రాలేదని ఒకసారి, వచ్చి పోయిందని ఒకసారి, మొత్తం రెండు సీసాలు పారేసుకున్నాను. నురగ అనేది అది తిండి తినేటప్పటి సందడి, అంతే. తినడం అయిపోతే నురగ అణుగుతుంది. ఒక్కోసారి మనం నిద్రపోయినప్పుడే వచ్చి పోతుంది. కుదుపుతూ ఉంటే అసలు కనబడకపోనూవచ్చు. బుడగల్ని చూసి బతికుందో లేదో చెప్పకూడదు. ఆయన్ని సీసా అడుగు చూడమనండి. ఇడ్లీ పిండిలా తెల్లటి పొర కూర్చుని ఉంటుంది. మొదట ఉన్నదానికన్నా మందంగా ఉంటుంది. ఈస్ట్ అంతా అక్కడుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా గట్టిగా దిగుతుంది. పైన తేటనీరు వంపేసి, ఆ అడుగు జాగ్రత్తగా ఉంచుకోమనండి. మళ్లీ తిండి పెడితే మళ్లీ లేస్తుంది. మొదట కాస్త ఆలస్యం చేస్తుంది, కంగారు పడొద్దనండి.

అత్త వాసన చూడమంది కదా, అది కూడా సరైన మాటే. అత్తకి ఎవరూ చెప్పకుండానే అన్నీ తెలుసు.

ఉంటాను.
జయకృష్ణ


ఆమదాలవలస
24 ఆగస్టు 2024

ఒరే కిష్ణా,

నేనురా, అత్తని. నాకు మీలాగా రాత భాష రాదు, నోటికొచ్చినట్టే రాస్తన్నాను. ఈ ఉత్తరం సంగతి మీ మావకి తెలీదు. కొండబాబు సేత పోస్టు డబ్బాలో ఏయిస్తన్నాను.

నీ ఉత్తరం సదివి మీ మావ రెండు పూటలు సరిగ్గా తినలేదు. నీ కోపం సూసి. ఇంక నేను దాసలేను.

మీ మావకి గొంతులో కాయ లేసిందిరా. ఆ బొంగురు తగ్గకపోతే ఇశాఖపట్నం తీసుకెళ్లాను. ఆగస్టు ఒకటిన ఆపరేసన్ సేసి తీసేశారు. భయం లేదు, పరీచ్చకి పంపితే మంచి రిపోర్టే వచ్చింది. రెండు వారాలు ఒక్క మాట కూడా ఆడకూడదన్నారు, దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు. నువ్వు పంచె కథ సెప్పిన రోజు నిజంగానే నవ్వేడురా. నోటికి తువ్వాలు అడ్డెట్టుకుని, కళ్లమ్మట నీళ్లెట్టుకుని, సప్పుడు లేకుండా నవ్వేడు. గంట కొట్టింది అతనే.

నీకు సెప్పొద్దన్నాడు. "ఆ రోజు అరిసినందుకే ఇలా అయ్యిందనుకుని ఆడు ఏడుస్తాడు" అని పలక మీద రాసేడు. డాట్రుగారు అది ఏడాది నుంచీ ఉన్న కాయే అన్నారు. నీ సీసాకీ దానికీ సమ్మందం లేదు.

ఇప్పుడు గడువు అయిపోయింది, మెల్లగా మాటాడమన్నారు. మాటాడడం లేదు. ఒకసారి 'అప్పలా' అని పిలిసేడు, గాలి తప్ప ఏటీ రాలేదు. అంతే, బెదిరిపోయేడు. గొంతు పోయిందనుకుంటన్నాడు. పలకే పట్టుకుని కూకున్నాడు. అడిగితే ఒట్టు ఉన్నాది అంటాడు. ఒట్టు నీతో గానీ నాతో కాదు గదా.

నువ్వు పరిగెత్తుకు రాకు. నీ ఎదర నోరు పెగలకపోతే సిగ్గుతో సచ్చిపోతాడు. ఏదో ఒకటి నువ్వే ఆలోసించు.

మీ అత్త
అప్పలనరసమ్మ


బెంగళూరు
30 ఆగస్టు 2024

మావయ్యకి,

అత్త అంతా రాసింది. ఆమెని ఏమీ అనకండి. అంటే నేను మీతో మాట్లాడను, నాక్కూడా ఒట్లు పెట్టుకోవడం వచ్చు.

ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. మీరు భయపడ్డట్టే జరిగింది. తరవాత మీ ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. మిరియాల పాలు, విశాఖపట్నం, పలక. అన్నీ మీరు రాశారు. నాకే అర్థం కాలేదు. ఎవరో పెద్దాయనకి అడుగు చూడమని చెప్పినవాణ్ణి, ఫోనులో చప్పుడు లేదని మీ మీద కోపం తెచ్చుకున్నాను. నేను హాస్టల్లో ఉన్న ఏడేళ్లలో మీరు నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. ఈ రెండు నెలల్లో మూడు రాశారు.

ఇక ఒట్టు సంగతి. నేను బీరు మానేశాను. నిన్న సాయంత్రం తల్లి సీసాని సింకులో వంపేశాను, అడుగుతో సహా. మిగిలిన సామానంతా గోపికి పార్శిలు చేశాను. అబద్ధం కాదు, కావాలంటే వాణ్ణి అడగండి. దాని మీద నాకు బెంగ లేదని చెప్పను. కానీ మీ గొంతు ముందు అదెంత?

మీరు పెట్టుకున్న ఒట్టు తీరిపోయింది. ఇంక ముఖలింగేశ్వరుణ్ణి అడ్డం పెట్టుకోవడానికి లేదు. చవితి మర్నాడు, ఎనిమిదో తారీకు ఆదివారం, పొద్దున పది గంటలకి ఫోను చేస్తాను. మీరే ఎత్తండి. గొంతు బొంగురుగా వచ్చినా, గాలి ఒక్కటే వచ్చినా నాకు పరవాలేదు. ఏదీ రాకపోతే గంట కొట్టండి. ఈసారి మీరే అని నాకు తెలుస్తుంది.

మీ కృష్ణ


ఆమదాలవలస
9 సెప్టెంబరు 2024

చిరంజీవి జయకృష్ణకి మావయ్య ఆశీస్సులు. వెనకటి ఉత్తరాల్లో ఎగ్గొట్టినవి కూడా ఇందులోనే కలిపి తీసుకో.

నిన్నటి ఫోను సంగతి ముందు తేల్చాలి. తొమ్మిదింటి నుంచే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మీ అత్త గంట తెచ్చి పక్కన పెట్టింది. మోగింది. ఎత్తాను. "ఏరా" అన్నాను. పాత తలుపు తీసినట్టు వచ్చింది, అయినా వచ్చింది. "ఏరా కిష్ణా, తిన్నావా" అన్నాను. అవతల నుంచి ఏమీ లేదు. ముక్కు ఎగబీల్చడం తప్ప. పదకొండు నిమిషాలు నువ్వు ఒక్క మాట ఆడలేదు. నేనే మాట్లాడాను, చవితి ఉండ్రాళ్ల గురించీ కొండబాబు కవిత్వం గురించీ. గొంతు నాకు పోయిందా నీకు పోయిందా? చివరికి మీ అత్త ఫోను లాక్కుని, "ఒరే, మీ మావకి డాట్రు పది నిమిషాలే ఇచ్చేడు, పెట్టీ" అంది. ఆ పైన ఒక నిమిషం నేను దొంగతనంగా మాట్లాడినట్టు లెక్క.

ఇప్పుడు నేను చెప్పవలసింది చెబుతాను. తిట్టకుండా విను.

ఆ తెలిసినాయన నేనే.

నువ్వు కనిపెట్టే ఉంటావు. కనిపెట్టకపోతే నీ కంప్యూటరు చదువు దండగ. రెండో సీసాని కాలువ దాకా తీసుకెళ్లిన మాట నిజం. మూత తీశాను. బుస్సుమని గాలి వదిలి, నురగ నా చేతి మీదకి ఎక్కింది. బతికున్నదాన్ని పారబోయడానికి చేతులు రాలేదురా. జోగయ్య గారు చూస్తారని పంచెలో దాచుకుని తెచ్చాను. ఆయన "ఏటది భీమశంకరం?" అని అడిగితే ఆముదం అన్నాను. మన ఇంట్లో ఎవరూ ఆడని అబద్ధం.

ఆపరేషనయ్యాక పదిహేను రోజులు నోరు మూసుకుని నేను చేసిందేమిటంటే, ఆ సీసా ఎదురుగా కూర్చోవడం. అది బుడగలేస్తే నాకూ ధైర్యం వచ్చేది. ఆగిపోతే, ఇంక నాదీ అంతే అనుకునేవాణ్ణి. నీ ఉత్తరం వచ్చాక సీసా పైకెత్తి అడుగు చూశాను. తెల్లగా, వేలి మందాన. మీ అత్తకి కూడా చూపించాను. ఈసారి విసుక్కోలేదు, తన కుండ పక్కన చోటిచ్చింది.

నువ్వు తల్లి సీసా సింకులో వంపేశానని రాసింది చదివి నెత్తి కొట్టుకున్నాను. నాలుగేళ్లు పెంచినదాన్ని అలా వంపేస్తారట్రా, వెర్రినాగన్నా! నా కోసమే చేశావు. అది నాకు తెలుసు, మరిచిపోను. కానీ ముఖలింగేశ్వరుడికి చెప్పిన మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. నువ్వు ఆ పని వదిలేసేదాకా అన్నాను. వదిలేశావు. ఒట్టు నిన్నటితో చెల్లిపోయింది. మళ్లీ మొదలుపెట్టకూడదని ఆ ఒట్టులో ఎక్కడా లేదు. కొత్త ఒట్టు పెట్టుకోవాలంటే గట్టిగా అరవాలి, డాక్టరుగారు అరవొద్దన్నారు.

తాగడం నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు. అది మారదు. రెండు గ్లాసులు దాటితే నేనే రైలెక్కి వస్తాను. సామాను గోపి దగ్గర నుంచి వెనక్కి తెప్పించుకో. దసరాకి తప్పకుండా రా, ఎదురుగా కూర్చుందువుగాని.

కొండబాబు వాళ్ల అమ్మాయిని చూడటానికి బుధవారం బెంగళూరు వస్తున్నాడు. నీ సీసా వాడి చేతికిస్తున్నాను. పైన తేటనీరు వంపేసి, అడుగు ఒక్కటీ ఉంచి, సీసాని మీ అత్త తడిగుడ్డలో చుట్టింది. మూత బిగించలేదు. రైల్లో పడుకోబెట్టొద్దనీ, దారంతా నిలబెట్టి పట్టుకోమనీ వాడికి పలక మీద రాయలేదు. నా నోటితోనే చెప్పాను.

మీ మావయ్య